నూరేళ్ల ఏయూ.. కొమ్మకొమ్మకో విశ్వవిద్యాలయం

ఎచ్చెర్ల: జాతీయ రహదారి పక్కనున్న డాక్టర్ బి.ఆర్.అంబేడ్కర్ విశ్వవిద్యాలయాన్ని నేటికీ 'పీజీ సెంటర్' అని పిలిచే పెద్దలు ఈ ప్రాంతంలో ఉన్నారు. అలవాటుగా వచ్చే ఆ మాట వెనుక చరిత్ర ఉంది. 1977లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇక్కడ నెలకొల్పిన స్నాతకోత్తర కేంద్రమే 2008లో స్వతంత్ర విశ్వవిద్యాలయమైంది. 1926 ఏప్రిల్ 26న స్థాపితమైన ఏయూ, ఈ నూరేళ్ల కాలంలో ఇలా తన ప్రాంగణాలను ఒక్కొక్కటిగా వేరు కాపురాలకు పంపుతూ వచ్చింది.

బెజవాడ నుంచి వాల్తేరుకు..

అంతకుముందు ఆంధ్ర జిల్లాల కళాశాలలన్నీ మద్రాసు విశ్వవిద్యాలయం కింద ఉండేవి. తెలుగువారికి ప్రత్యేక విశ్వవిద్యాలయం కావాలన్న ఆకాంక్ష ఫలించి ఏయూ ఏర్పడినప్పుడు దాని ప్రధాన కార్యాలయం బెజవాడ. కట్టమంచి రామలింగారెడ్డి తొలి ఉపకులపతి. కేంద్రస్థానం ఎక్కడుండాలన్న విషయంపై చాలాకాలం వాదోపవాదాలు నడిచాయి. ఇటువంటి పేచీలు మనకు కొత్త కాదు. చివరకు 1930లో విశ్వవిద్యాలయం వాల్తేరు చేరింది.

1931 నుంచి 1936 వరకు ఉపకులపతిగా పనిచేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్ హయాంలో ఆర్ట్స్ కళాశాల ప్రారంభమైంది. హుమాయూన్ కబీర్, హీరేన్ ముఖర్జీ వంటి వారు దూర ప్రాంతాల నుంచి వచ్చి ఇక్కడ పాఠాలు చెప్పారు. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఇచ్చిన విరాళాలు విజ్ఞానశాస్త్ర విభాగాలకు ఊపిరి పోశాయి. ఆయన పేరిటే జె.వి.డి. కళాశాల వెలసింది. 1936లో తిరిగి పగ్గాలు చేపట్టిన రామలింగారెడ్డి 1949 వరకు కొనసాగారు. 1942 ఏప్రిల్ 6న విశాఖపై జపాను బాంబులు పడ్డాయి. యుద్ధకాలంలో విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలి, యుద్ధానంతరం తిరిగి సొంత గూటికి వచ్చింది.

సముద్ర గర్భంలో ఒక పేరు

పరిశోధనలో ఏయూ ఖ్యాతి ప్రధానంగా దాని విజ్ఞానశాస్త్ర శాఖలదే. భౌతికశాస్త్రంలో సూరి భగవంతం, రసాయనశాస్త్రంలో టి.ఆర్.శేషాద్రి దేశస్థాయి పేరు గడించారు. ఇక్కడ గణితంలో ఎం.ఏ. చేసిన కల్యంపూడి రాధాకృష్ణారావు సి.ఆర్.రావుగా గణాంకశాస్త్రంలో ప్రపంచ ప్రసిద్ధులయ్యారు. 2023లో అంతర్జాతీయ గణాంక పురస్కారం అందుకున్న ఆయన, అదే ఏడాది ఆగస్టులో 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

కళాశాల ఎదుటే సముద్రం ఉండటం ఈ విశ్వవిద్యాలయానికి దక్కిన వరం. 1950లలో అమెరికా సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ ఇక్కడికి వచ్చి విద్యార్థులతో కలిసి బంగాళాఖాతంపై అధ్యయనాలు సాగించారు. ఆ తరువాత తూర్పు తీరానికి ఆవల సముద్రగర్భంలో గుర్తించిన లోయలకు ఆయన పెట్టిన పేర్లలో 'ఆంధ్ర', 'మహాదేవన్' ఉన్నాయి. సి.మహాదేవన్ ఏయూ భూగర్భశాస్త్ర ఆచార్యులు. మన మత్స్యకారుల వలలకు అందనంత లోతున ఒక తెలుగు విశ్వవిద్యాలయపు ఆచార్యుని పేరు నిలిచి ఉన్న సంగతి ఈ తీరంలోనే చాలామందికి తెలియదు.

వేరు పడిన ప్రాంగణాలు

1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం రావడంతో ఏయూ పరిధి తగ్గింది. 1967లో గుంటూరులో ప్రారంభమైన స్నాతకోత్తర కేంద్రం 1976లో నాగార్జున విశ్వవిద్యాలయమైంది. 2006లో రాజమహేంద్రవరంలో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం, రెండేళ్లకు ఎచ్చెర్లలో అంబేడ్కర్ విశ్వవిద్యాలయం ఏర్పడ్డాయి. విజయనగరం సమీపంలోని కొండకరకంలో ఉన్న ఏయూ పాత ప్రాంగణంలో 2019లో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం తరగతులు మొదలయ్యాయి. ఏయూకు విశాఖలో ఉత్తర, దక్షిణ ప్రాంగణాలు ఉన్నాయి. 1972లో ఆరంభించిన దూరవిద్య ఉద్యోగులకు, గృహిణులకు అక్కరకు వచ్చింది. 2023లో న్యాక్ ఏయూకు ఏ++ గ్రేడు ఇచ్చింది.

విభజనతో మేలు జరిగిందా అంటే, పీజీ చదువు వరకు జరిగిందనే చెప్పాలి. పలాస, టెక్కలి వైపు పల్లెల నుంచి ఆడపిల్లను విశాఖ హాస్టల్‌కు పంపడానికి వెనుకాడిన తండ్రి, ఎచ్చెర్లకు పంపడానికి ఒప్పుకున్నాడు. పరిశోధన సంగతి వేరు. డాక్టర్ వి.ఎస్.కృష్ణా గ్రంథాలయంలో దశాబ్దాలుగా పోగుపడిన పుస్తకాలు, ప్రయోగశాలలు, వాటి నడుమ పనిచేసిన ఆచార్యుల పరంపర ఒక్క చట్టంతో బదిలీ కావు. కొత్త విశ్వవిద్యాలయానికి బోర్డు ఇచ్చినంత త్వరగా శాశ్వత అధ్యాపకులను, నిధులను ఇస్తేనే ఆ లోటు తీరుతుంది.

ఈ విలేకరి డిగ్రీ పట్టాపై ఉన్నది ఏయూ ముద్రే. జిల్లా కళాశాలలు అంబేడ్కర్ విశ్వవిద్యాలయం కిందికి మారకముందు చదివిన వారందరిదీ ఇదే పరిస్థితి. కనుక పట్టా నకలు కావాలన్నా, మార్కుల జాబితా ధ్రువీకరించాలన్నా ఎచ్చెర్ల వెళ్లి ప్రయోజనం లేదు. వారు నేరుగా విశాఖలోని ఏయూనే సంప్రదించాల్సి ఉంటుంది.