యుద్ధకాలంలో నవ్వు: 'థియోడర్ అండ్ కో' (1916)

1916 సెప్టెంబరు 19న లండన్‌లోని గైటీ థియేటర్‌లో 'థియోడర్ అండ్ కో' అనే సంగీత హాస్య నాటకం మొదటిసారి ప్రదర్శించారు. అప్పటికి ఫ్రాన్సులో సోమ్ యుద్ధం మొదలై పదకొండు వారాలు దాటింది. పత్రికల నిండా మృతుల జాబితాలే. అయినా ఈ నాటకం 503 ప్రదర్శనలు నడిచింది. ఎందుకు? ఈ భాగంలో పరిశీలిద్దాం.

1. అనువాదం కాదు, అనుసరణ

మూలం నాన్సే, ఆర్మోన్ అనే ఇద్దరు ఫ్రెంచి రచయితల ప్రహసనం. దానిని హార్‌వుడ్, జార్జ్ గ్రాస్‌మిత్ (జూనియర్) ఆంగ్ల రంగస్థలానికి మలిచారు. ఏడ్రియన్ రాస్, క్లిఫర్డ్ గ్రే పాటలు రాశారు. 23 ఏళ్ల ఐవర్ నొవెల్లో, అమెరికాకు చెందిన జెరోమ్ కెర్న్ సంగీతం సమకూర్చారు. 1843 నాటి చట్టం ప్రకారం అప్పట్లో ప్రతి కొత్త నాటకానికి లార్డ్ చాంబర్లేన్ అనుమతి తప్పనిసరిగా ఉండేది. కాబట్టి పారిస్ సరసం లండన్ వేదిక ఎక్కాలంటే కొంత మెత్తబడక తప్పేది కాదు.

2. నాటి పరిస్థితులు

యుద్ధానికి ముందు లండన్‌ను ఏలినది వియన్నా సంగీత నాటకం. 1907లో వచ్చిన 'ది మెర్రీ విడో' 778 ప్రదర్శనలు నడిచింది. 1914 తరువాత ఆస్ట్రియా శత్రుదేశమైంది, ఫ్రాన్సు మిత్రదేశంగా నిలిచింది. 1916లోనే నిర్బంధ సైనిక సేవ, వినోదపు టిక్కెట్లపై పన్ను వచ్చాయి. ప్రజలు పన్ను కట్టి మరీ నవ్వుకోవడానికి వచ్చారు.

3. ఒక హెచ్చరిక

అయితే అంతా యుద్ధం వల్లనే అనుకోకండి. ఫ్రెంచి ప్రహసనాలను అనుసరించడం లండన్‌లో అంతకు ముందు నుంచే ఉన్న అలవాటు. యుద్ధం ఆ అలవాటుకు బలమిచ్చి ఉండవచ్చు, దానిని పుట్టించలేదు. 503 అనే అంకె ఆట ఎన్నిసార్లు ఆడిందో చెబుతుంది. ప్రేక్షకులు ఎవరో, ఎందుకు నవ్వారో చెప్పదు.

పాఠం చెప్పిన తొలి సంవత్సరాల్లో నేను ఇటువంటి నాటకాలను 'కాలక్షేపం' అంటూ ఒక్క వాక్యంతో దాటవేసేవాణ్ణి. అది పొరపాటు. ఒక సమాజం దేనికి ఏడ్చిందో శాసనాలు, స్మారకాలు చెబుతాయి. ఆ ఏడుపు మధ్య దేనికి నవ్విందో తెలియాలంటే ఇటువంటి నాటకాలనే ఆశ్రయించాలి.

మీ ప్రగతిని తెలుసుకోండి

ఒక నాటకం ప్రదర్శనల సంఖ్యను చారిత్రక ఆధారంగా ఎంతవరకు స్వీకరించవచ్చు? పది వాక్యాల్లో రాయండి.