విదేశీ సైనిక విమానం దిగాలంటే..
పౌర విమానాశ్రయాల్లో అనుమతి అధికారం కేంద్రానిదే

ఆదోని, ఎమ్మిగనూరు: జిల్లా పశ్చిమ ప్రాంత ప్రయాణికులకు చేరువలో ఉన్న ఓర్వకల్లు విమానాశ్రయాన్ని నిర్మించింది రాష్ట్ర ప్రభుత్వం. 2021 మార్చి 25న ప్రారంభమైన దీనికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టారు. అయితే ఇలాంటి పౌర విమానాశ్రయంలో విదేశీ సైనిక విమానం దిగవచ్చునా, లేదా అన్నది తేల్చే అధికారం రాష్ట్రానికి గానీ, జిల్లా యంత్రాంగానికి గానీ లేదు. రక్షణ, విదేశీ వ్యవహారాలు, విమానయానం మూడూ రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని కేంద్ర జాబితాలో ఉన్నాయి.

నిబంధన ఇదీ..
1944 నాటి షికాగో ఒడంబడిక మూడో అధికరణం ప్రకారం ఒక దేశ సైనిక విమానం మరో దేశ గగనతలంలోకి ప్రత్యేక అనుమతి లేకుండా ప్రవేశించరాదు. మన దేశంలో ఈ అనుమతికి విదేశాంగ శాఖను ఆశ్రయించాలి. గగనతల రక్షణ అనుమతిని వైమానిక దళం ఇస్తుంది.

1991లో దుమారం
గల్ఫ్ యుద్ధ సమయంలో అమెరికా సైనిక రవాణా విమానాలు బొంబాయి, మద్రాసు, ఆగ్రాలలో ఇంధనం నింపుకొనేందుకు చంద్రశేఖర్ ప్రభుత్వం అనుమతించింది. విషయం బయటపడగానే దేశవ్యాప్తంగా నిరసన వ్యక్తమైంది. ప్రభుత్వానికి బయటి నుంచి మద్దతిస్తున్న కాంగ్రెస్ సైతం అభ్యంతరం తెలిపింది. చివరకు ఫిబ్రవరిలో ఆ సదుపాయాన్ని నిలిపివేశారు.

పురూలియా పాఠం
1995 డిసెంబరు 17 రాత్రి పశ్చిమ బెంగాల్‌లోని పురూలియాలో ఒక ఏఎన్-26 విమానం ఆయుధాలు జారవిడిచింది. పౌర విమానంగా కరాచీ నుంచి వచ్చిన అది అంతకుముందు వారణాసిలో ఆగింది. బ్రిటన్ నుంచి ముందే సమాచారం అందినా అడ్డుకోలేకపోయారు. ఆ తర్వాత తిరిగి మన గగనతలంలోకి వచ్చిన విమానాన్ని డిసెంబరు 22న బొంబాయిలో దింపారు. అప్పటి ప్రధాని పి.వి.నరసింహారావు 1991 ఉప ఎన్నికలో ఉమ్మడి కర్నూలు జిల్లాలోని నంద్యాల నుంచే లోక్‌సభకు ఎన్నికయ్యారు. కాగితాలపై అనుమతి ఉన్నంత మాత్రాన చాలదని, విమానంలో ఏముందో తనిఖీ చేయడమూ అవసరమని ఈ ఉదంతం చాటింది.

2009 జూన్‌లో అమెరికా సైన్యం కోసం కాందహార్ వెళుతున్న ఏఎన్-124 విమానాన్ని సరైన అనుమతి లేదన్న కారణంతో ముంబయిలో దింపారు. అనుమతులు లభించాకే పంపించారు.

జవాబుదారీ ఎవరు?
2016 ఆగస్టులో భారత్, అమెరికాల మధ్య సైనిక సరఫరాల ఒప్పందం కుదిరింది. ఇంధనం వంటి సదుపాయాలను ఉభయ దేశాల సైన్యాలు చెల్లింపుపై పొందవచ్చు. ఇది సైనిక స్థావరాలకు అనుమతి కాదని కేంద్రం స్పష్టం చేసింది. ఈ వ్యవహారాల్లో సమాచార హక్కు చట్టం కింద వివరాలు దొరకడం కష్టం. దేశ భద్రతకు, విదేశీ సంబంధాలకు హాని కలిగించే సమాచారానికి 8(1)(ఎ) సెక్షన్ మినహాయింపునిస్తుంది. కనుక ప్రజల పక్షాన ప్రశ్నించవలసిన వేదిక పార్లమెంటే. ఆదోని, ఎమ్మిగనూరు శాసనసభ స్థానాలు కర్నూలు లోక్‌సభ పరిధిలోనివి. ఇక్కడి ఓటరు తన సందేహాన్ని శాసనసభ్యుని కంటే పార్లమెంటు సభ్యుని ముందుంచడమే సరైన మార్గం.