బాలవాక్కు – సాక్ష్యవాక్కు

బాలవాక్కు బ్రహ్మవాక్కు అన్నారు మన పెద్దలు. ఆ మాట అన్న నోటితోనే, పిల్లవాడు మనకు గిట్టని నిజమేదైనా పలికినప్పుడు "చిన్నపిల్లల మాటలకేం లెండి" అని కొట్టిపారేస్తాము. పసివాళ్ళ మాటను దైవవాణిగా నెత్తిన పెట్టుకోవడం, లేదా చిలకపలుకుగా తీసిపారేయడం – ఈ రెండు కొసల నడుమ న్యాయస్థానాలు సైతం మూడు శతాబ్దాలకు పైగా ఊగిసలాడాయి. ఆ ఊగిసలాట చరిత్రను స్థూలంగానైనా మిత్రులతో పంచుకోవాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఒక కేసు. 2003 జూలైలో మధ్యప్రదేశ్‌లోని ఒక పల్లెలో ఒక ఇల్లాలు రాత్రివేళ మరణించింది. రాత్రికి రాత్రే గుట్టుచప్పుడు కాకుండా దహనం జరిగిపోయింది. అమ్మను నాన్నే చంపాడని ఆ ఇంటి ఏడేళ్ళ కూతురు చెప్పింది. విచారణ కోర్టు ఆ పాపను నమ్మి తండ్రికి శిక్ష వేసింది. పోలీసులు ఆమె వాంగ్మూలాన్ని 18 రోజులు ఆలస్యంగా నమోదు చేశారు. ఆ వ్యవధిలో ఎవరైనా నేర్పించి ఉండవచ్చునన్న అనుమానం కూడా తోడై, 2010లో హైకోర్టు తండ్రిని నిర్దోషిగా విడిచిపెట్టింది. 2025 ఫిబ్రవరి 24న సుప్రీంకోర్టు ఆ తీర్పును త్రోసిపుచ్చి, శిక్షను పునరుద్ధరించింది. నేర్పించారన్న ఊహ మాత్రమే చాలదనీ, దానికి ఆధారం కనబడాలనీ స్పష్టం చేసింది. ఒకే పాప, ఒకే మాట. మూడు న్యాయస్థానాలు, ఇరవై రెండేళ్ళ కాలం.

ఈ సంశయం మన దేశానికే పరిమితం కాదు, ఈనాటిదీ కాదు. 1692లో అమెరికాలోని సేలంలో కొందరు బాలికలు, యువతులు తమను మంత్రగత్తెలు పీడిస్తున్నారని ఆరోపించారు. వారి మాటల ఆసరాతో 19 మందిని ఉరితీశారు. విచారణకు తలవంచని ఒక వృద్ధుణ్ణి బండరాళ్ళ బరువు కింద నలిపి చంపారు. అప్పుడు జైలుపాలైన వారిలో నాలుగైదేళ్ళ పసిపాప కూడా ఉంది. పెద్దలు అడిగిన ప్రశ్నలకు ఆ పాప ఇచ్చిన జవాబులే కన్నతల్లికి వ్యతిరేకంగా సాక్ష్యాలయ్యాయి. ఆనాడు పన్నెండేళ్ళ పిల్ల అయిన ఆన్ పట్నం, 1706లో చర్చిలో అందరి ఎదుటా తన తప్పును ఒప్పుకుని క్షమాపణ వేడుకుంది. ఆమెను ఆనాడు అలా ప్రశ్నించిన పెద్దల సంగతి మాత్రం చాలాకాలం ఎవరికీ తట్టలేదు.

చట్టం తన పద్ధతిలో తాను ఆలోచించింది. 1779లో ఇంగ్లండులో బ్రేసియర్ కేసులో న్యాయమూర్తులు, సాక్ష్యానికి ఇంత వయసుండాలన్న నియమమేదీ లేదనీ, ప్రమాణం విలువ ఆ బిడ్డకు తెలుసునా లేదా అన్నదే చూడాలనీ నిర్ణయించారు. 1895లో అమెరికా సుప్రీంకోర్టు, హతుడి కొడుకైన అయిదున్నరేళ్ళ బాలుడి సాక్ష్యాన్ని అంగీకరించింది. మన 1872 నాటి సాక్ష్య చట్టం 118వ సెక్షనుదీ ఇదే త్రోవ: ప్రశ్న అర్థమై, తెలివైన జవాబు చెప్పగలిగితే చాలు, పసివాడైనా సాక్షే. 1952లో రామేశ్వర్ కేసులో మన సుప్రీంకోర్టు, ప్రమాణం చేయించనంత మాత్రాన ఎనిమిదేళ్ళ బాలిక సాక్ష్యం చెల్లకుండా పోదని తేల్చింది. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో ఆ పాత సెక్షనే 124గా కొనసాగుతున్నది.

అయితే ఈ చట్టాలన్నీ బిడ్డ వైపే చూశాయి: వీడు చెప్పగలడా? నిజమే చెబుతాడా? అడిగేవాడి వైపు మొదట చూపు తిప్పినవారు మనస్తత్వ శాస్త్రజ్ఞులు.

1900లో ఫ్రాన్సులో ఆల్ఫ్రెడ్ బినే, అట్టకు జిగురుతో అతికించిన ఒక గుండీ వంటి మామూలు వస్తువులను పిల్లలకు చూపించి, తరువాత వాటి గురించి ప్రశ్నించాడు. చూసింది మీ అంతట మీరే రాయండి అన్నప్పుడు పిల్లలు తక్కువ తప్పులు చేశారు. ప్రశ్న బిగిసేకొద్దీ తప్పులు పెరిగాయి. "గుండీని ఎలా అతికించారు?" అనడం వేరు, "దారంతో కట్టారు కదూ?" అనడం వేరు; "ఆ దారం ఏ రంగు?" అనడం మరీ వేరు. మన తెలుగులో "కదూ" అన్న రెండక్షరాలు ఎంత పని చేస్తాయో గమనించండి. అది ప్రశ్న వేషం వేసుకున్న జవాబు. జర్మనీలో విలియం స్టెర్న్ మరొక సంగతి గుర్తించాడు: పదే పదే అడిగితే బిడ్డ జరిగినదాన్ని కాక, తాను మునుపు చెప్పిన జవాబును గుర్తు చేసుకోవడం మొదలుపెడుతుంది.

1910లో బెల్జియంలో ఒక బాలిక హత్యకు గురైనప్పుడు, ఆమె తోటి పిల్లల సాక్ష్యంపై అభిప్రాయం చెప్పడానికి వారెన్‌డాంక్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు కోర్టుకు వచ్చాడు. ఏడేళ్ళ పిల్లలు 18 మందిని, తమకు బాగా తెలిసిన ఒక ఉపాధ్యాయుడి గడ్డం ఏ రంగని ఆయన అడిగించాడు. 16 మంది ఏదో ఒక రంగు చెప్పారు. ఆ ఉపాధ్యాయుడికి అసలు గడ్డమే లేదు! దీన్నిబట్టి పిల్లల మాట కోర్టులు వినడమే మానుకోవాలన్నంత దూరం ఆయన వెళ్ళాడు. నిజానికి ఆ ప్రయోగం రుజువు చేసింది పిల్లల అబద్ధాన్ని కాదు. గడ్డం ఉందని ముందుగా అబద్ధమాడినది ప్రశ్న. పెద్దవారు అడిగారంటే గడ్డం ఉండే ఉంటుందని పిల్లలు మర్యాదగా నమ్మారు.

ఈ పాఠం నేర్చుకోకపోవడానికి మూల్యం 1980లలో తెలిసివచ్చింది. కాలిఫోర్నియాలోని మెక్‌మార్టిన్ శిశుపాఠశాల సిబ్బందిపై 1983లో లైంగిక అత్యాచార ఆరోపణలు వచ్చాయి. వందలాది పిల్లలను, కావలసిన జవాబు దొరికేదాకా అన్నట్లు, తిప్పి తిప్పి అడిగారు. 1990 దాకా సాగిన ఆ వ్యవహారంలో ఒక్కరికీ శిక్ష పడలేదు. నిర్దోషులు ఏళ్ళ తరబడి నలిగిపోయారు. ఒకవేళ ఏ బిడ్డకైనా నిజంగా అన్యాయం జరిగి ఉంటే, ఆ బిడ్డ మాట కూడా ఆ గందరగోళంలో కలిసిపోయింది.

1995లో లైట్‌మన్, సెసి అనే పరిశోధకులు ప్రచురించిన ప్రయోగం ఈ యంత్రాంగాన్ని విప్పి చూపింది. సామ్ స్టోన్ అనే ఆగంతకుడు ఒక శిశుపాఠశాలకు వచ్చి, రెండు నిమిషాలుండి వెళ్ళిపోయాడు. ఏ వస్తువునూ పాడుచేయలేదు. కొందరు పిల్లలకు మాత్రం, అతడు చేతికందినదల్లా పాడుచేసే మనిషని ముందుగా కథలు చెప్పారు. వెళ్ళాక, అతడు పుస్తకం చింపాడన్నట్లుగా, బొమ్మకు మురికి పూశాడన్నట్లుగా వారాల తరబడి ప్రశ్నలు వేశారు. పది వారాల తరువాత నేరుగా అడిగితే, వారిలో మూడు నాలుగేళ్ళ పిల్లలు 72 శాతం మంది అతడు ఏదో ఒకటి పాడుచేశాడన్నారు. ఏ కథలూ చెప్పకుండా, మామూలుగా అడిగిన ఆ వయసు పిల్లల్లో అలా అన్నవారు 10 శాతమే. పిల్లలు మారలేదు, అడిగిన తీరు మారింది.

ఇక్కడితో ఆగితే మళ్ళీ మొదటి కొసకే చేరతాము. గెయిల్ గుడ్‌మన్ తదితరుల పరిశోధన రెండవ ముఖాన్ని చూపింది. 1991లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, వైద్యపరీక్షలో భాగంగా మర్మావయవాలను పరీక్షించిన బాలికలలో అత్యధికులు తమంతట తాము ఆ సంగతి చెప్పనేలేదు. సూటిగా అడిగినప్పుడే చెప్పారు. అంటే బిడ్డ కల్పించి చెప్పే ప్రమాదం ఎంత ఉందో, జరిగినది మింగేసే ప్రమాదమూ అంతే ఉంది. ఈ రెంటినీ దాటే దారి వెతికి, 2000 ప్రాంతాలలో మైకేల్ లాంబ్ బృందం ప్రశ్నించే పద్ధతి ఒకటి రూపొందించింది. దాని సారం సులువే. తెలియకపోతే తెలియదని చెప్పవచ్చునని ముందే బిడ్డకు నేర్పాలి. జరిగిందంతా మొదటినుంచీ చెప్పమనాలి. తరువాత ఏమైందని అడగాలి. "కదూ" మాత్రం అనకూడదు.

ఇంతవరకూ చెప్పినది కోర్టు బోనెక్కిన సాక్షి గురించి. కానీ ఇంట్లోని సాక్షి మాటేమిటి?

1962లో డెన్వరులో హెన్రీ కెంప్ అనే వైద్యుడు, ఇంట్లో దెబ్బలు తిన్న పిల్లల గాయాలను గురించి రాసిన వ్యాసం వైద్యలోకాన్ని మేల్కొలిపింది. అయితే ఆ చూపు ఒంటిమీద గాయం ఉన్న బిడ్డ మీదే పడింది. తల్లి దెబ్బలు తింటుంటే మూలన నిలబడి చూసిన బిడ్డ ఇంకా లెక్కలోకి రాలేదు. తరువాతి దశాబ్దాలలో ఆ బిడ్డను "సాక్షి" అన్నారు. కొన్నాళ్ళకు ఆ మాటా సరిపోలేదు. 2003లో జార్జ్ హోల్డెన్ కుటుంబ హింస బిడ్డను తాకే తీరులను పదిగా విభజించాడు. కళ్ళారా చూడడం వాటిలో ఒకటి మాత్రమే. గర్భంలో ఉండగానే ఆ దెబ్బల పాలబడడం, అడ్డం వెళ్ళడం, తానూ దెబ్బ తినడం, పక్క గదిలోంచి వినడం, మర్నాడు అమ్మ ముఖంపై కమిలిన మచ్చ చూడడం – ఇవన్నీ ఆ జాబితాలోనివే. "పిల్లలు నిద్రపోతున్నారులే" అనుకుని గొంతు పెంచిన ఇళ్ళలో, కళ్ళు మూసుకుని మేలుకుని ఉన్న బిడ్డకు కూడా అందులో చోటుంది.

1998లో కాలిఫోర్నియాలో ఫెలిటి, అండా తొమ్మిదిన్నర వేల మంది పెద్దలను వారి బాల్యం గురించి అడిగారు. తల్లి హింసకు గురికావడం చూశారా అన్నది ఆ ప్రశ్నలలో ఒకటి. ఇటువంటి అనుభవాలు ఎన్ని ఎక్కువైతే, నడివయసులో కుంగుబాటు, వ్యసనాలు, గుండెజబ్బులు అంత ఎక్కువగా కనిపించాయి. మరి ఇది తప్పని తలరాతా? కాదు. 2003లో కిట్జ్‌మన్ తదితరులు 118 అధ్యయనాలను క్రోడీకరిస్తే, అటువంటి ఇళ్ళలోని పిల్లలలో 63 శాతం మంది పరిస్థితి మామూలు పిల్లల సగటు కన్నా తక్కువగా ఉన్నదని తేలింది. మిగిలిన మూడోవంతుకు పైగా పిల్లలు నిలదొక్కుకున్నారు. ఆసరా దొరికితే మనిషి లేస్తాడు. 1992లో గుడ్‌మన్ బృందం 218 మంది పిల్లల కేసులను పరిశీలించి చెప్పినదీ దాదాపు ఇదే. పదే పదే బోనెక్కవలసి వచ్చిన పిల్లలు, తల్లి అండ లేని పిల్లలు కోలుకోవడానికే ఎక్కువ కాలం పట్టింది.

మన దేశంలోనూ కొంత కదలిక వచ్చింది. 2004లో సాక్షి అనే సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు, బాధిత బాలలకు నిందితుడు కనబడకుండా తెర ఏర్పాటు చేయమంది. లైంగిక నేరాల నుండి బాలలను రక్షించే 2012 నాటి పోక్సో చట్టం, వకీళ్ళ ప్రశ్నలు న్యాయమూర్తి ద్వారానే బిడ్డను చేరాలన్నది. 2016లో హైదరాబాదు పోలీసులు భరోసా కేంద్రాన్ని ప్రారంభించారు. పోక్సో లైంగిక నేరాలకే పరిమితం కనుక, తల్లి హత్యను చూసిన బిడ్డకు ఆ చట్టం గొడుగు పట్టదు. 2022 జనవరిలో సుప్రీంకోర్టు, బలహీన సాక్షులందరికీ ప్రత్యేక వాంగ్మూల కేంద్రాలు నెలకొల్పమని హైకోర్టులను ఆదేశించింది. ఆ లోటు తీరాలంటే ఆ దారినే తీరాలి.

సాక్షి అంటే కంటితో చూసినవాడని అర్థం. మన కోర్టులు ఆ కన్ను చూసినదాన్ని మాత్రమే అడిగాయి. చూసిన కన్ను ఏమైందని అడగడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాము. మధ్యప్రదేశ్ పల్లెలోని ఆ ఏడేళ్ళ పాపకు, ఆమె మాట నిజమని దేశపు అత్యున్నత న్యాయస్థానం పలికేనాటికి ముప్పై ఏళ్ళు దగ్గరపడి ఉంటాయి. ఆ నడుమ ఆమెను ఎవరైనా దగ్గర కూర్చోబెట్టుకుని, "కదూ" అన్నది లేకుండా, "ఏం జరిగిందో చెప్పు తల్లీ" అని అడిగారో లేదో ఏ తీర్పులోనూ ఉండదు. కోర్టు మెట్లెక్కని బిడ్డలు ప్రతి వీధిలోనూ ఉంటారు. వాళ్ళను అలా అడగడానికి మనకు ఏ చట్టమూ అక్కరలేదు. అడిగాక, ఆ చెప్పేదాన్ని చివరిదాకా వినే ఓపిక ఉండాలి, అంతే.