లాయం నేల

కోలారు పక్కన మా పాతింటి వెనకాల మూడంకణాల రాతి కొట్టం ఒకటి ఉంది. ఇంట్లో ఇప్పటికీ దాన్ని లాయం అనే అంటాము. దాంట్లో గుర్రం ఉండి అరవై ఏండ్లు దాటింది. మా ముత్తాత జట్కా తోలినప్పటి మాట అది. ఆ తరువాత కట్టెలు పేర్చినారు, ఆ తరువాత విరిగిన బీరువాలు, చివరికి ఉత్త చెత్త. పోయిన ఎండాకాలం మా అన్నదమ్ములందరం కూర్చొని, లోపల సిమెంటు పోయించి కారు నిలబెట్టుకుందామని దాదాపు తీర్మానం చేసుకున్నాము. మా అవ్వ ఒక్కతే ఒప్పుకోలేదు. "కింద ఏముందో చూసి పోయండ్రా" అనింది, అంతే.

మేము చదివింది కన్నడ మీడియంలో. బడిలో లాయ, ఇంట్లో లాయం. బడిలో హురుళి, ఇంట్లో ఉలవలు. గుర్రం తిండికీ గుర్రం ఇంటికీ రెండు భాషల్లోనూ పేర్లు నోట్లో ఉన్నాయి గానీ, గుర్రాన్ని సాకడం అంటే ఏమిటో మాకు తెలియదు. అందుకే పుస్తకాలు తిరగేసినాము.

పదమూడో శతాబ్దం చివర దక్షిణానికి వచ్చిన మార్కో పోలో ఒక మాట రాసినాడు. పాండ్య దేశపు రాజులు ఏటా వేల గుర్రాలు కొంటారు, ఏడాది తిరిగేసరికి వాటిలో వంద కూడా మిగలవు అని. సాకడం చేతకాదు, లాడం కొట్టి వైద్యం చేసేవాళ్లు లేరు, పైగా గుర్రాల వర్తకులే అలాంటివాళ్లను ఇక్కడికి రానీయరు, గుర్రం చస్తేనే కదా మళ్లీ బేరం అంటాడు. లెక్కలు ఎంతవరకు నిజమో గానీ, సముద్రం దాటి వచ్చిన గుర్రం ఇక్కడి తడికీ మేతకూ ఓర్చుకోలేదన్నది మాత్రం నమ్మవచ్చు.

విజయనగరానికీ ఇదే బాధ. నూనిజ్ అనే పోర్చుగీసు మనిషి తానే గుర్రాల వర్తకుడు. అచ్యుతరాయల కాలంలో హంపీలో ఉండి రాసినాడు. సాళువ నరసింహరాయలు గుర్రాలను బతికున్నవైనా చచ్చినవైనా వెయ్యి వరహాలకు మూడు లెక్కన కొన్నాడట. ఓడలో చచ్చిన గుర్రానికి తోక తెచ్చి చూపిస్తే డబ్బు ముట్టేదట. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద నాలుగో ఆశ్వాసంలో రాజనీతి చెబుతూ, దూరదేశాల నుంచి ఏనుగులు, మేలుజాతి గుర్రాలు తెచ్చే వర్తకులకు ఊళ్లు, ఇళ్లు, కొలువులో మర్యాద, మంచి ధర ఇచ్చి దగ్గర పెట్టుకోవాలని, ఆ సరుకు శత్రువులకు చేరకూడదని రాసింది ఊరికే కాదు. (కన్నడ లిపి వచ్చినవాళ్లకు తెలుగు అక్షరాలు పెద్ద కష్టం పెట్టవు. ఆముక్తమాల్యద తెలుగు మాత్రం పెట్టింది.)

మాకు తోక కథకన్నా నూనిజ్ ఇచ్చిన ఇంకో లెక్క నచ్చింది. రాజు దగ్గర గుర్రాలు చూసుకునేవాళ్లు 1600 మంది, గుర్రాలకు శిక్షణ ఇచ్చేవాళ్లు 300 మంది. కమ్మర్లు, రాతిపనివాళ్లు, వడ్రంగులు, చాకళ్లు కలిసి 2000 మంది. సైన్యం గురించి అందరూ చెబుతారు, ఈ పనివాళ్లను ఎవరూ తలుచుకోరు. హంపీకి పోయినవాళ్లు పదకొండు గదుల ఏనుగుల లాయం ముందు ఫోటో తీసుకొని వస్తారు. గుర్రాలను, వాటిని పట్టుకొని నడిచే మనుషులను చూడాలంటే హజారరామాలయం ప్రాకారం బయటి గోడ చుట్టూ నిదానంగా తిరగాలి.

కొనడం మాని ఇక్కడే పెంచుదామన్న యోచనకు మా దగ్గరలోని గుర్తు కుణిగల్. తుమకూరు జిల్లాలో, 1790 ప్రాంతంలో టిప్పు సుల్తాన్ తన దండుకు గుర్రాలు పెంచడానికి ఏర్పాటు చేసిన చోటు అది. తరువాత దొరల చేతికి పోయింది, ఇంకా తరువాత పందెపు గుర్రాలకు పేరుపొందింది. రెండువందల ఏండ్లు గుర్రం బతికిందంటే నేల బాగున్నట్టే. గుర్రం ప్రాణం గిట్టలో ఉంటుంది. తడిలో నిలబడితే గిట్ట మెత్తబడి, కంపు కొట్టి, కుళ్లుతుంది. అందుకే లాయంలో నేల వాలుగా ఉండాలి, ఉచ్చ నిలవకూడదు. చుట్టూ గన్నేరు, ఆముదం మొలకెత్తనీయకూడదు, రెండూ గుర్రానికి విషం.

ఇది చదివినాకే మాకు అవ్వ మాట తలకెక్కింది. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో మా పని ఏమంటే, బాగుందన్న దాన్ని నమ్మకుండా ఒకసారి విరగ్గొట్టి చూడడం. చెత్త ఎత్తి, కొట్టం నడిమధ్య ఒక బకెట్ నీళ్లు కుమ్మరించినాము. నీళ్లు కదలలేదు, మడుగు కట్టినాయి. తొమ్మిది బండలు లేపితే కింద జానెడు వెడల్పు రాతి కాలవ, నిండా గట్టిపడిన మన్ను. గోడ కింద రంధ్రం గుండా బయటి ఎరువుగుంతకు పోతుంది. గుంతమీద మేమే ఎప్పుడో నీళ్ల ట్యాంకు కట్టినాము.

ట్యాంకు జరపడానికి అయిన ఖర్చుమీద మాలో మాకు రెండు నెలలు మాటల్లేవు. ఒక తమ్ముడు ఇంకా కోపంగానే ఉన్నాడు, కారు ఎండలోనే ఉంది, అతని కోపం తప్పని మేమనము. మన్ను తవ్వి, బండలు ముందున్న వాలులోనే పరిచి, సందుల్లో సిమెంటు కాకుండా సున్నం నింపినాము. బయట మొలిచిన ఆముదం చెట్లు పీకించినాము.

కార్తీకంలో పక్కవీధి పెళ్లికి ఊరేగింపు గుర్రం వచ్చింది. వాన. దాన్ని తోలుకొచ్చినాయన కట్టేసుకునే చోటు అడిగితే మా అవ్వే తాళం తీసి ఇచ్చింది. పొద్దున మేము పోయేసరికి గుర్రం వెళ్లిపోయింది. నేల ఆరి ఉంది. గోడ కింద రంధ్రం దగ్గర మాత్రం తడి.