మైత్రీవనంలో రెండు వైపులా, మన వాడలో ఒక వైపే

కరోనాకు చాలా ముందే మైత్రీవనం కోచింగ్ సెంటర్ల ఫ్యాకల్టీ తెల్లవారుజామున హెడ్‌సెట్ పెట్టుకుని అమెరికాలోని తెలుగోళ్లకు లైవ్‌లో జావా, ఒరాకిల్ చెప్పేవాళ్లు. డౌటొస్తే వాళ్లు అక్కణ్నుంచే ఆపి అడిగేవాళ్లు. (అమెరికాకు ముందు చేరింది ఎవరి పిల్లలో మీకు చెప్పక్కర్లేదు.)

2020లో బడులు మూతపడ్డాయి. సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణ సర్కారు బడి పిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్‌లలో పాఠాలు. కార్పొరేట్ స్కూలు పిల్లలకు జూమ్.

టీవీ పాఠమూ పాఠమే, కాదనను. కానీ టీవీని ఆపి "సార్, సమజ్ కాలే" అనలేం కదా! బాబాసాహెబ్‌ని సతారా బడిలో గోనెపట్టా మీద వేరుగా కూర్చోబెట్టారు. అక్కడ కనీసం పంతులు ఎదురుగా ఉన్నాడు. ఇక్కడ డౌటడగాలంటే ఫోన్ కావాలి. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ పొద్దున్నే నాయనతో కూలికి పోయింది.