ఒక మెట్టు తక్కువ చదువు

అమీర్‌పేట మెట్రో స్టేషన్ మెట్లు దిగేసరికి తొమ్మిది కావస్తోంది. రెండు లైన్లు కలిసే చోటు కదా, పొద్దున పూట మనం నడవక్కర్లేదు, వెనకాలవాళ్లే తోసుకెళ్లిపోతారు. మీరు పక్కకి తప్పుకుని, స్తంభానికి ఆనుకుని, హ్యాండ్‌బ్యాగ్ జిప్పు తీసి మరోసారి చూసుకుంటారు. ఆధార్ జిరాక్సు, ఇంటర్ మెమో జిరాక్సు, రెండు పాస్‌పోర్ట్ ఫొటోలు, నాలుగు నీలం పెన్నులు, స్కేలు, మంచినీళ్ల సీసా. పిల్లల బాక్సులు సర్దగా మిగిలిన పులిహోర చిన్న డబ్బాలో ఉంది.

పరీక్ష మీది కాదు. అయినా కడుపులో తిప్పుతోంది.

నిన్న రాత్రి మీ ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. ‘రేపు పదింటికి బి.ఏ. నాలుగో సెమిస్టర్, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్, తెలుగు మీడియం. స్క్రైబ్ కావాలి. ఇంటర్ వాళ్లు ఎవరున్నారు?’ గ్రూపులో ఎం.ఏ.లున్నారు, ఎమ్మెస్సీలున్నారు, రిటైరైన లెక్చరర్లున్నారు. వాళ్లెవరూ పనికిరారు. చూపు లేని విద్యార్థి తన స్క్రైబ్‌ని తనే తెచ్చుకుంటే, రాసేవాళ్ల చదువు అతని చదువుకంటే ఒక మెట్టు తక్కువ ఉండాలని 2018 ఆగస్టులో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. డిగ్రీ కుర్రాడికి ఇంటర్ దగ్గర ఆగినవాళ్లే రాయాలి. పెళ్లి చేసి పంపేశాక బీరువా అడుగున పడేసిన మీ ఇంటర్ మెమోకి ఇన్నేళ్లకి గిరాకీ వచ్చింది.

మరి ఎం.ఏ.లు ఏం చేస్తారంటే, పాఠాలు చదివి ఫోన్లో రికార్డు చేసి పంపుతారు. వంటింట్లో కూర్చుని చదివే పంతులమ్మగారి పాఠం మధ్యలో కుక్కర్ విజిల్ వినిపిస్తుంది. రెండో విజిల్ దగ్గర కేంద్ర రాష్ట్ర సంబంధాలు మొదలవుతాయని పిల్లలు గుర్తుపెట్టుకుంటారు.

ఈ పనికి ఎక్కువగా ఆడవాళ్లే ఎందుకొస్తారని అడిగితే దయ, ఓపిక అని ఏవేవో చెబుతారు. అసలు సంగతి టైము. పరీక్షలు వారం మధ్యలో, పొద్దున పదింటికి పెడతారు. సేవ చేస్తామని ఆదివారాలు ఉత్సాహంగా వచ్చే ఆఫీసు కుర్రాళ్లు బుధవారం పొద్దున ఎక్కడ దొరుకుతారు? బడి వ్యాను వెళ్లిన తర్వాత నుంచి తిరిగొచ్చేదాకా ఉండే ఆ కాసిని గంటల్ని చుట్టాలు ‘ఖాళీ’ అంటారు. ఆ ఖాళీని నమ్ముకుని ఈ ఊళ్లో ఎన్ని స్వచ్ఛంద సంస్థలు నడుస్తున్నాయో ఎవరూ లెక్క కట్టలేదు.

ఇక్కడికి దగ్గర్లోనే, బేగంపేట మయూర్ మార్గ్‌లో, డాక్టర్ సాయిబాబా గౌడ్ పెట్టిన దేవనార్ అంధుల పాఠశాల ఉంది. అలాంటి బళ్లలో బ్రెయిలీ మీద వేళ్లు పరిగెత్తించిన పిల్లలు డిగ్రీకి వచ్చేసరికి అన్నీ అచ్చు పుస్తకాలే, అన్నీ పెన్ను పరీక్షలే. మీలాంటివాళ్ల అవసరం అక్కడ మొదలవుతుంది.

“నమస్తే అక్కా. మీరేనా?”

తెల్ల కర్ర మడిచి చంకలో పెట్టుకున్నాడు. రాత్రి ఫోన్లో విన్న గొంతే. నల్లగొండ వైపు పల్లె, ఇక్కడ హాస్టల్లో ఉంటాడు. మీరు చెయ్యి పట్టుకోబోతారు. అతను మెల్లగా విడిపించుకుని, తనే మీ మోచేతి పైన పట్టుకుంటాడు. “మీరు అర అడుగు ముందు నడవండి చాలు. మెట్లొస్తే చెప్పండి, ఎక్కేటివో దిగేటివో.”

మైత్రీవనం వైపు ఫుట్‌పాత్ మీద కరపత్రాల కుర్రాళ్లు నిలబడి ఉన్నారు. జావా, పైథాన్, బ్యాంక్ కోచింగ్. వచ్చేపోయేవాళ్లందరి చేతుల్లో కాగితం పెడుతున్నారు, అతని చేతిలో కూడా పెట్టారు. “ఏం కోర్సక్కా?” అని అడిగి, మీరు చెప్పగానే పద్ధతిగా మడిచి జేబులో పెట్టుకుంటాడు.

కాలేజీ ఆఫీసులో హామీపత్రం మీద సంతకం. మీ ఇద్దరికీ వేరే గది ఇచ్చారు, స్టోర్ రూమ్ లాంటిది. గొంతెత్తి చెప్పే జవాబులు పక్కవాళ్లు వినకూడదు కదా. ఫ్యాను టకటకమంటోంది. ఇన్విజిలేటర్ కుర్చీ లాక్కుని, “ఒంటిగంటకి పేపరిచ్చెయ్యాలమ్మా” అంటాడు. మీరు బ్యాగులోంచి ఆ మార్గదర్శకాల ప్రతి తీసి ముందు పెడతారు. గంటకి కనీసం ఇరవై నిమిషాలు అదనం, మూడు గంటల పరీక్షకి నాలుగు గంటలు. ఆయన రెండుసార్లు చదివి, “రెండింటిదాకా నేనే ఉండాల్నా?” అని నిట్టూరుస్తాడు. ఆయన బాధ ఆయనది.

ప్రశ్నపత్రం మొత్తం ఒకసారి మెల్లగా చదువుతారు. మళ్లీ ఇంకోసారి. అతను వేళ్లు మడిచి లెక్క పెట్టుకుంటాడు. “మూడు, నాలుగు, ఏడు, ఎనిమిది. ముందు ఏడు రాద్దాం.” గొంతు మారిపోయింది. ఇందాకటి నల్లగొండ యాస పోయి పుస్తకంలా మాట్లాడుతున్నాడు. పేరా మార్చమంటాడు, కింద గీత గీయమంటాడు. మీ పెన్ను వెనకబడితే ఆగుతాడు. ఒత్తులు, దీర్ఘాలు మీ చేతిలో ఉన్నాయి, మార్కులు పోతే అతనివి పోతాయి. రెండో గంటకి బొటనవేలు పట్టేస్తుంది. చెయ్యి విదిలించుకుని మళ్లీ రాస్తారు.

ఎనిమిదో ప్రశ్న, సాంఘిక సంక్షేమంలో స్వచ్ఛంద సంస్థల పాత్ర. అతను సర్దుకుని కూర్చుంటాడు. దుర్గాబాయి దేశ్‌ముఖ్, రాజమండ్రి, 1909లో పుట్టుక. రాజ్యాంగ సభలో ఉన్న పదిహేనుమంది మహిళల్లో ఒకరు. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి తొలి అధ్యక్షురాలు. ఊళ్లలోని చిన్న చిన్న సంస్థల్ని వెతికి, వాటికి గ్రాంట్లు ఇచ్చి నిలబెట్టడం ఆ బోర్డు చేసిన పని. బాగా చెబుతున్నాడు. మీ పెన్ను కూడా ఉషారుగా ఉరుకుతోంది.

“ఆమె 1947లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించారు.”

పెన్ను ఆగింది. 1937 కదా! చిన్నప్పుడు వ్యాసరచన పోటీకి మీరు బట్టీపట్టింది ఆవిడ గురించే. తప్పని అతనికి చెప్పకూడదు, దగ్గకూడదు. ‘ఎంత?’ అని అడిగినా ఆ అడిగే తీరులోనే అంతా తెలిసిపోతుంది. ఇన్విజిలేటర్ ఫోన్ చూసుకుంటున్నాడు, ‘నాలుగు’ బదులు ‘మూడు’ వేసేస్తే పట్టుకునే నాథుడు లేడు. 1923లో కాకినాడ కాంగ్రెస్ అప్పుడు ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర వాలంటీరుగా నిలబడ్డ ఈ దుర్గాబాయే, టిక్కెట్టు లేదని సాక్షాత్తూ జవహర్‌లాల్ నెహ్రూని ఆపేసింది. అప్పటికి పద్నాలుగేళ్ల పిల్ల. టిక్కెట్టు కొని తెచ్చాకే లోపలికి వదిలింది.

మీరు 1947 అనే రాస్తారు.

“ఒకసారి చదవండక్కా,” అంటాడు. చదువుతారు, ఆ అంకె దగ్గర గొంతు పెంచకుండా, తగ్గించకుండా. “ఆఁ, ఓకే. తర్వాత పేరా.”

రెండింటికి కాగితాలు అప్పజెప్పి బయటికొస్తే ఎండ చురుక్కుమంటోంది. కాలేజీ మెట్ల మీద కూర్చుని ఇద్దరూ పులిహోర పంచుకుంటారు. రెండు ముద్దలు తిన్నాక అతను ఉన్నట్టుండి చెయ్యి ఆపేస్తాడు.

“అక్కా, మహిళా సభ ముప్పై ఏడు గదా?”

“అవును.”

“నేనేం చెప్పిన?”

“నలభై ఏడు.”

“అయ్యో!” తలమీద కొట్టుకుంటాడు. “మరి జర సైగ చెయ్యకపోతిరి?”

“సైగ చేస్తే నీకెట్లా తెలుస్తది?”

పొలమారేంత నవ్వుతాడు. మీరు సీసా మూత తీసి చేతికందిస్తారు. “పోనియ్ అక్కా, అర మార్కు. ఎల్లుండి ఎకనామిక్స్. గ్రాఫులొస్తయ్.”

“బొమ్మ గీసే ప్రశ్నకి బదులు నీకు వేరేది ఇవ్వాలి, అదీ కాగితంలో ఉంది.”

“ఉంటది. ఇయ్యాలె గదా. మీరొస్తరా?”

ఎల్లుండి చిన్నదానికి బడి సెలవు. మీరు ఫోన్ తీసి గ్రూపులో టైపు చేస్తారు: ‘ఎల్లుండి ఎకనామిక్స్, ఇంటర్ వాళ్లు ఇంకెవరైనా ఉన్నారా? లేకపోతే నా చిన్నదాన్ని నాలుగు గంటలు ఎవరైనా చూసుకుంటారా?’

రెండోదానికి ముందు జవాబొస్తుంది, కుక్కర్ విజిల్ పంతులమ్మగారి దగ్గర్నుంచి.