పొయ్యి ఆరనివ్వని ఇల్లాలు

బ్రూస్ లీ అనగానే అందరికీ ఆ పిడికిలీ, ఆ కేకా గుర్తొస్తాయి. నాకు మాత్రం అతను మంచం పట్టిన రోజులే గుర్తొస్తాయి. అమెరికాలో కుంగ్‌ఫూ నేర్పుతూ, టీవీలో వేషాలు వేస్తున్న మనిషికి 1970లో బరువులెత్తుతుంటే నడుము దెబ్బతింది. ఇక కాలెత్తి తన్నడం కల్ల అన్నారు డాక్టర్లు. ఐదేళ్ల కొడుకు, ఏడాది కూతురు! భార్య లిండా సాయంత్రం ఉద్యోగంలో చేరింది. వీరుడుగారేమో ఇంట్లో పిల్లల్ని కనిపెట్టుకుంటూ, తన విద్యనంతా కాగితాలమీద పెట్టాడు. మరుసటేడే హాంకాంగ్‌లో 'ది బిగ్ బాస్' బ్రహ్మాండంగా ఆడింది. 1973 జులై 20న, 32 ఏళ్లకే కన్నుమూశాడు. 'ఎంటర్ ది డ్రాగన్' విజయం చూడనేలేదు. ఆ రాతలు 1975లో లిండా పూనికతో పుస్తకంగా వచ్చాయి. ఆ కాలు మళ్లీ లేచేదాకా పొయ్యి ఆరకుండా చూసిన ఇల్లాల్ని కూడా కాస్త తలుచుకోవద్దూ?